హనుమకొండ నుంచి హట్‌బేకి ఓడలో వెళ్లాలి, తేదీలు ఎలా వేసుకోవాలి?

నయీంనగర్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాతో పాటు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన నర్సంపేట మిత్రుడు రెండేళ్ల క్రితం ఉద్యోగరీత్యా అండమాన్‌కు, అందులోనూ పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా ఉన్న లిటిల్ అండమాన్ ద్వీపానికి బదిలీ అయ్యాడు. భార్యాబిడ్డలతో అక్కడి హట్‌బేలోనే ఉంటున్నాడు. మొన్న దసరా నాడు ఫోన్ చేసి, "జమ్మి చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇచ్చే మనిషి ఒక్కడు లేడురా ఇక్కడ" అన్నాడు. అప్పటి నుంచి ఒకసారి వెళ్లి చూసి రావాలని మా ఇంట్లో అందరూ పట్టుబడుతున్నారు. సంక్రాంతి సెలవుల్లో బయలుదేరి, నెలాఖరున జరిగే మేడారం జాతరకు ముందే ఇల్లు చేరాలని మా ఆలోచన.

మేము నలుగురం: నేను, నా భార్య, ఎనిమిదేళ్ల పాప, అరవై ఆరేళ్ల మా అమ్మ. నీటి మీద మా అనుభవమంతా లక్నవరంలో అరగంట పడవ షికారు, నా చిన్నతనంలో మంగపేట వైపు నాటుపడవలో గోదావరి దాటడం, అంతకు మించి ఏమీ లేదు.

ప్రస్తుతానికి అనుకుంటున్నది ఇది. మొదటి రోజు హైదరాబాద్ నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరి సెల్యులార్ జైలు, రెండో రోజు రాస్ ద్వీపం, మూడో రోజు ఓడలో హట్‌బే ప్రయాణం, నాలుగు, ఐదు రోజులు మిత్రుడి ఇంట్లో, ఆరో రోజు ఓడలో వెనక్కి, ఏడో రోజు ఉదయమే తిరుగు విమానం. విమానం టికెట్లు ఇంకా కొనలేదు. ముందుగా ఓడ టికెట్లు తీసుకుందామని చూస్తే జనవరి ఓడల జాడే కనిపించడం లేదు, మిత్రుణ్ని అడిగితే "ముందు నువ్వు రా, ఓడ సంగతి వచ్చాక చూద్దాం" అంటున్నాడు. అరవై రోజుల ముందే రైలు టికెట్ చేతిలో పెట్టుకుంటే తప్ప నిద్రపట్టని మనిషిని నేను. నలుగురిని వెంటబెట్టుకుని ఆ మాట నమ్మి ఎలా బయలుదేరాలో తెలియడం లేదు. ఓడ టికెట్ల పద్ధతి నిజంగా అంతేనా? మనకు అనుమతి పత్రాలు ఏమైనా కావాలా? మా అమ్మ ఓడ ప్రయాణానికి తట్టుకోగలదా? తెలిసినవారు చెప్పగలరు.


పరకాల, పూర్వ ద్వీపవాసి:

మీ మిత్రుడు చెప్పింది నిజమే, కాకపోతే ద్వీపంలో కొన్నాళ్లు ఉన్నవాళ్లందరిలాగే అతను కూడా కారణం చెప్పడం మరిచిపోయాడు. నేను హట్‌బేలో ఆరేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని కనుక కొంచెం విడమరిచి రాస్తాను.

హేవ్‌లాక్, నీల్ ద్వీపాలకు పర్యాటకుల కోసం ప్రైవేటు వేగనౌకలు నడుస్తాయి, వాటి టికెట్లు నెలల ముందే దొరుకుతాయి. హట్‌బే సంగతి వేరు. అక్కడికి ప్రధాన ఆధారం ద్వీపాల పరిపాలనా యంత్రాంగం నడిపే నౌకాయాన శాఖ ఓడలే. ఆ ఓడలు పర్యాటకులను దృష్టిలో పెట్టుకుని తిరిగేవి కావు. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి వెళ్లే రోగులు, చదువుకునే పిల్లలు, సెలవు మీద వచ్చిపోయే ఉద్యోగులు, కూరగాయల బస్తాలు, కోళ్ల గంపలు అన్నీ వాటిలోనే. ఒక ఓడ మరమ్మతుకు వెళ్లినా, నికోబార్ వైపు అత్యవసరంగా పంపవలసి వచ్చినా మిగిలిన ఓడల తేదీలన్నీ కదిలిపోతాయి. అందుకే టికెట్లను ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు. ద్వీపవాసుల కార్డు ఉన్నవారికి ప్రాధాన్యం ఉంటుంది, వారి ఛార్జీ కూడా మనకంటే తక్కువ. మీ మిత్రుడు తన కార్డు మీద మీకు తక్కువ ధరకు టికెట్ తీయలేడు. అయితే మీ ఆధార్ నకళ్లు ముందే పంపిస్తే, టికెట్లు ఇవ్వడం మొదలైన రోజే ప్రయత్నించడానికి అక్కడ మనిషంటూ ఒకడు ఉంటాడు. ఇక్కడ కూర్చుని ఫోన్‌లో వెతకడం కంటే అది ఎంతో మేలు. ఓడల రాకపోకల వివరాలు అక్కడి ప్రభుత్వ దినపత్రిక 'ది డైలీ టెలిగ్రామ్స్'లో వస్తాయి. మనం పొద్దున లేచి పత్రికలో బంగారం ధర చూసినట్టు వాళ్లు ఓడల పట్టిక చూస్తారు.

ఇక మీ ప్రణాళిక. నా దృష్టిలో అందులో ఉన్న తప్పు ఒక్కటే, కానీ అది పెద్దది: మీరు దాన్ని తలకిందులుగా వేసుకున్నారు. జైలు, రాస్ ద్వీపం ముందు పెట్టి, ఓడను చివర పెట్టారు. మీ తిరుగు ఓడ ఒక్క రోజు ఆలస్యమైతే విమానం పోతుంది, రెండు రోజులు ఆలస్యమైతే సెలవు కూడా పోతుంది. సెల్యులార్ జైలు 1906లో కట్టడం పూర్తయినప్పటి నుంచి అక్కడే ఉంది, మీ కోసం ఇంకో నాలుగు రోజులు ఆగగలదు. విమానం దిగగానే దొరికిన మొదటి ఓడ ఎక్కి హట్‌బే వెళ్లిపోండి. మిత్రుడితో గడపవలసిన రోజులు ముందే గడిపేసి, తిరిగి వచ్చాక పోర్ట్ బ్లెయిర్‌లో చూడవలసినవి చూడండి. ఓడ సమయానికి వస్తే ఆ రెండు రోజులు ఊరు చూడటానికి పనికొస్తాయి, రాకపోతే ఆలస్యాన్ని అవే మింగేస్తాయి. విమానం టికెట్ కొనేటప్పుడు తిరుగు తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి, బయలుదేరే తేదీ నుంచి ముందుకు కాదు.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్నది కాదు. మా చెల్లెలి పెళ్లికి మే నెలలో బయలుదేరుతూ, ఓడ దిగిన మరుసటి ఉదయానికే విమానం పెట్టుకున్నాను. ఓడ బయలుదేరవలసిన నాడు గాలివాన మొదలైంది, ఆ తర్వాత రెండు రోజులు జెట్టీ నుంచి ఏ ఓడా కదలలేదు. పెళ్లికి చేరవలసిన అన్నను అప్పగింతలకు చేరాను. మా మేనత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తకుండా నాకు అన్నం వడ్డించదు.

జనవరిలో సముద్రం మే నెలలా ఉండదు, ఆ విషయంలో మీరు మంచి సమయమే ఎంచుకున్నారు. నైరుతి వానలు మే నుంచి సెప్టెంబరు దాకా, ఈశాన్య వానలు ఆ తర్వాత డిసెంబరు దాకా ఉంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాధారణంగా నీరు నెమ్మదిగా ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి హట్‌బే సుమారు 120 కిలోమీటర్లు, అంటే మనకు వరంగల్ నుంచి ఖమ్మం ఎంతో అంత. ఆ దూరానికి ఓడను బట్టి ఏడెనిమిది గంటలు పడుతుంది. రట్లాండ్ ద్వీపం పక్కన వెళ్లినంతసేపు నేల అడ్డు ఉంటుంది కాబట్టి పెద్దగా ఊపు తెలియదు. అది దాటి డంకన్ జలసంధిలో పడ్డాక అడ్డు ఉండదు, కూర్చున్న బల్ల నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్లీ ఇటు ఒరుగుతుంది. భయపడవలసింది ఏమీ లేదు. ఎగిరే చేపలు కనిపించేదీ ఆ నీళ్లలోనే, పాపను ఆ సమయంలో నిద్రపోనివ్వకండి.

అనుమతుల విషయం. హట్‌బే వరకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర లేదు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అసలు ప్రతి చాలు. అయితే లిటిల్ అండమాన్‌లో చాలా భాగం ఓంగీ తెగవారి కోసం కేటాయించిన రిజర్వు ప్రాంతం. డుగాంగ్ క్రీక్, సౌత్ బే వైపు బయటివారు వెళ్లడాన్ని 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు నిషేధించాయి. ఆ తెగవారు ఇప్పుడు నూరు మందికి కాస్త అటూ ఇటూగా మాత్రమే మిగిలారు. "ఒకసారి తీసుకెళ్లి దూరం నుంచి చూపిస్తాను" అనేవాడు ఎవడైనా తగిలితే అతని మాట వినకండి. చూడవలసినవి వేరే ఉన్నాయి: బట్లర్ బే తీరం, వైట్ సర్ఫ్ జలపాతం, ఎర్ర నూనె తాటి తోటలు. అక్కడ ఊళ్లను జెట్టీ నుంచి ఎన్ని కిలోమీటర్లో ఆ అంకెతో పిలుస్తారు కనుక, మీ మిత్రుడి చిరునామా అడిగితే ఊరి పేరుకు బదులు పదకొండో కిలోమీటరనో పదహారో కిలోమీటరనో వినిపిస్తే ఆశ్చర్యపోకండి.


కాజీపేట విశ్రాంత ఉద్యోగి:

నయీంనగర్ వారికి, ఓడ అనుభవమే కావాలనుకుంటే విశాఖపట్నం దారి కూడా ఒకటి ఉందని గుర్తు చేయడానికి రాస్తున్నాను. నేను రైల్వేలో ఉన్న రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖలో దిగి, అక్కడి నుంచి హర్షవర్ధన ఓడలో పోర్ట్ బ్లెయిర్ వెళ్లాను. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, దాదాపు 56 గంటల ప్రయాణం. బంక్ తరగతిలో ఒకదాని మీద ఒకటిగా పడకలు, పైన ఇనుప గొట్టాలు, వేళకు గంట కొడితే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడటం. రెండో రోజు పొద్దున లేచి డెక్ మీదికి వస్తే నాలుగు దిక్కులా నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. సముద్రం ఎంతదో నాకు ఆ పొద్దునే తెలిసింది, అంతకుముందు విశాఖ తీరంలో నిలబడి ఎన్నిసార్లు చూసినా తెలియలేదు.

అయినా మీకు ఈ దారి చెప్పను. విశాఖ ఓడ నెలకు ఒకటి ఉండటమే గొప్ప, దాని తేదీ మీ సెలవులకు కలవాలి, పైగా తిరుగు ఓడ కోసం మళ్లీ ఎదురుచూడాలి. మేడారం నాటికి చేరాలనుకునేవారు దాని మీద ఆధారపడకూడదు. రిటైరైనవారు, నాలాగా ఇంట్లో ఎవరికీ అక్కరకు రానివారు నిశ్చింతగా వెళ్లవచ్చు.

మీ అమ్మగారికి చెప్పవలసిన మాట ఇంకొకటి: అక్కడ భాష సమస్య ఉండదు. ద్వీపాల వ్యవహారమంతా హిందీలో నడిచినా, 2011 జనగణన నాటికి అక్కడి జనాభాలో నూటికి పదమూడు మందికి తెలుగే మాతృభాష. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరతరాల క్రితం వెళ్లిన కుటుంబాలు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. మన యాస విని వాళ్లు నవ్వారు, వాళ్ల యాస విని నేను నవ్వాను, టీ డబ్బులు మాత్రం వాళ్లే ఇచ్చారు. ఇంకో సంగతి, 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు. కాగితాల మీద కొత్త పేరు కనిపిస్తే వేరే ఊరేమోనని కంగారు పడకండి.


కరీంనగర్ యాత్రికుడు:

నా అభిప్రాయం కొంచెం వేరు. వయసు పైబడిన తల్లిని, చిన్న పాపను తీసుకుని అంత దూరం ప్రభుత్వ ఓడలో వెళ్లి కష్టపడటం ఎందుకు? మేము పోయిన ఏడాది హేవ్‌లాక్ వెళ్లాము. ఏసీ నౌక, మెత్తటి సీట్లు, రెండు గంటల్లో దింపేశారు. మీ మిత్రుణ్నే కుటుంబంతో హేవ్‌లాక్‌కు రమ్మంటే అందరూ కలిసినట్టూ ఉంటుంది, మీకు సుఖంగానూ ఉంటుంది. హట్‌బేకి హెలికాప్టర్ కూడా ఉందని విన్నాను, అదైనా ప్రయత్నించవచ్చు.


పరకాల, పూర్వ ద్వీపవాసి:

కరీంనగర్ వారు సుఖం గురించి చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ హట్‌బే కుటుంబం హేవ్‌లాక్ రావాలంటే ముందు ఇదే ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేరి, అక్కడ ఇంకో నౌక ఎక్కాలి. మీరు తప్పించుకున్న ఏడు గంటలు వాళ్ల నెత్తిన పడతాయి, రెండు వైపులా. హెలికాప్టర్ ఉన్న మాట నిజమే. అందులో సీట్లు చాలా తక్కువ, ముందు రోగులకు, ఆ తర్వాత ద్వీపవాసులకు, అప్పటికీ మిగిలితే మనకు. సామాను మీద పరిమితి కూడా గట్టిగా ఉంటుంది. దాని మీద ఆశ పెట్టుకుని ఓడ టికెట్ వదులుకున్నవాళ్లను ఇద్దరిని చూశాను.

అసలు విషయం, ఆ మిత్రుడు పిలిచింది తన ఇంటికి. దసరా నాటి ఆ మాట విన్నాక కూడా హోటల్లో కలుద్దాం అనడం నాకైతే బాగుండదు.


మట్టెవాడ ఫార్మసిస్టు:

అమ్మగారి విషయం ఎవరూ సరిగా పట్టించుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఓడలో తల తిరగడం, వాంతులు రావడం బలహీనతకు గుర్తు కాదు. లోపలి చెవి ఊపును పసిగడుతుంది, కళ్లేమో కదలని గదిని చూస్తుంటాయి, ఈ రెండు కబుర్లూ పొంతన కుదరక మెదడు గజిబిజి పడుతుంది. అందుకే కిందికి తల వంచి ఫోన్ చూసేవారికి ముందుగా వస్తుంది, డెక్ మీద నిలబడి దూరంగా ఆకాశం నీటిని తాకే గీతను చూసేవారికి ఆలస్యంగా వస్తుంది. ఏటూరునాగారం బస్సులో వెనక సీటుకు, నడిమి సీటుకు ఉన్న తేడానే ఓడలోనూ ఉంటుంది. ముందు కొస, వెనక కొస ఎక్కువగా లేచి పడతాయి, మధ్యలో, అదీ కింది అంతస్తులో, ఊపు తక్కువ. సీటు ఎంచుకునే అవకాశం ఉంటే నడిమి భాగంలో అడగండి.

మాత్రలు ఓడ కదలడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే వస్తుంది. ప్రోమెథజిన్ రకం మాత్రలు ఎక్కువగా నిద్ర తెప్పిస్తాయి. పెద్దవయసు వారికి, బీపీ మందులు వాడేవారికి, మూత్రం ఇబ్బంది ఉన్నవారికి ఏది ఇవ్వవచ్చో ముందుగా మీ డాక్టరును అడగండి, పాపకు మోతాదు కూడా ఆయననే అడగండి. మా దుకాణానికి వచ్చి "నలుగురికి నాలుగు ఇవ్వండి" అంటే నేను ఇవ్వను, ముందే చెబుతున్నాను. బయలుదేరే ముందు ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు తిని, కొంచెం అల్లం మురబ్బా దగ్గర ఉంచుకోండి.

అమ్మగారు రోజూ వాడే మందులు ప్రయాణం ఎన్ని రోజులో అంతకు ఒక వారం ఎక్కువ తీసుకెళ్లండి. హట్‌బేలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది కానీ, పెద్ద సమస్య వస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి.పంత్ ఆసుపత్రికే పంపుతారు. ఆమె వాడే కంపెనీ మాత్ర అక్కడి దుకాణంలో ఉంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. మందుల సంచి పెద్ద సామానులో వేయకండి, ఆమె చేతి సంచిలోనే ఉండాలి.


నయీంనగర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. పరకాల వారు చెప్పినట్టు ప్రణాళికను తిరగేశాను. విమానం దిగిన మరుసటి రోజు నుంచి దొరికిన మొదటి ఓడ, హట్‌బేలో ఎన్ని రోజులు దొరికితే అన్ని, తిరుగు విమానానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లో మూడు రోజులు ఖాళీ. మొత్తం సెలవు తొమ్మిది రోజులు చేసుకున్నాను. ఆధార్ నకళ్లు మిత్రుడికి పంపితే, "ఇప్పటికి నీకు తెలివి వచ్చింది" అని జవాబు వచ్చింది.

ఇంకా రెండు సందేహాలు. మిత్రుడి భార్య చపాటా మిర్చి కారం, మామిడి తొక్కు, సకినాలు అడిగారు. ఏవి ఎలా తీసుకెళ్లాలి? అక్కడ ఫోన్ పనిచేస్తుందా? మా ఆఫీసు వారికి ఆ ఒక్క విషయమే పట్టింది.


పరకాల, పూర్వ ద్వీపవాసి:

ఫోన్ పనిచేస్తుంది. మేము ఉన్న తొలి రోజుల్లో ఒక్క ఫోటో పంపడానికి రాత్రంతా పట్టేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమయ్యాక, లిటిల్ అండమాన్ కూడా దానిలో ఉంది కనుక, పరిస్థితి చాలా మారింది. అయితే నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు, ఆ ఏడు గంటలు మీ ఆఫీసు వారికి ముందే సెలవు చెప్పేయండి. నగదు కొంత ఎక్కువ ఉంచుకోండి.

తొక్కు సీసాలో తీసుకెళ్లకండి. ఓడ ఊపుకు, కూలీ విసురుకు రెండింటికీ తట్టుకోవాలంటే స్టీలు డబ్బా, మూత చుట్టూ టేపు, దాని మీద రెండు ప్లాస్టిక్ సంచులు. విమానంలో అది చెక్ ఇన్ సామానులోనే వేయాలి, చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర తీయించేస్తారు. ఎర్రటి రంగు, తక్కువ ఘాటు ఉన్న చపాటా కారం మాత్రం అరకిలో ఎక్కువే తీసుకెళ్లండి. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు రావడానికి ముందు నుంచే హట్‌బేలో మా పక్కింటి బెంగాలీ అమ్మ దాన్ని గుర్తించింది, చేపల పులుసు రంగు చూసి డబ్బా అడిగి తీసుకుంది.

వీటితో పాటు ఒక కొత్తవాడ జంపఖానా తీసుకోండి. సీటు దొరికినా సరే, పెద్దావిడ కాళ్లు చాపుకోవడానికి అది పనికొచ్చినట్టు ఇంకేదీ పనికిరాదు. తిరిగి వచ్చేటప్పుడు పాప ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో లేవని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చాలా రకాలు వన్యప్రాణి చట్టం కింద నిషిద్ధం, విమానాశ్రయంలో సంచి తెరిపిస్తారు.

మరొకటి, వరంగల్ కంటే పోర్ట్ బ్లెయిర్ పదమూడు డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఇద్దరిదీ ఒకటే. కాబట్టి సూర్యుడు అక్కడ మనకంటే చాలా ముందే ఉదయించి, ముందే మునుగుతాడు. జనవరిలో సాయంత్రం ఐదుంపావుకే పొద్దు గూట్లో పడుతుంది. చూడవలసినవన్నీ పొద్దున్నే మొదలుపెట్టండి. ఓడ ఏ జెట్టీ నుంచి బయలుదేరుతుందో టికెట్ మీద చూసుకోండి. సాధారణంగా ఫీనిక్స్ బే నుంచే వెళ్తాయి, పెద్ద ఓడ అయితే హాడో రేవు కావచ్చు. తెల్లవారుజామున ఆటోవాడు ఏదో ఒకదానికి తీసుకెళ్లి దింపేస్తాడు.


నయీంనగర్ నివాసి:

నిన్న రాత్రి ఇల్లు చేరాము. ఇన్ని విషయాలు చెప్పిన తర్వాత ఏం జరిగిందో రాయకపోవడం మర్యాద కాదు.

విమానం దిగిన రెండో రోజే ఓడ దొరికింది, ఉదయం ఆరున్నరకు కదిలింది. నేను ఎవరి గురించి భయపడ్డానో ఆమెకు ఏమీ కాలేదు. మా అమ్మ నడిమి వరుసలో జంపఖానా పరుచుకుని, పక్కన కూర్చున్న సోంపేట ముసలామెతో హట్‌బే వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైందని తర్వాత ఒప్పుకుంది. మాత్ర వేసుకోనని మొండికేసిన నా భార్య మాత్రం రట్లాండ్ దాటిన పావుగంటకు రెయిలింగ్ పట్టుకుంది. ఓడ సిబ్బందిలో ఒకాయన వచ్చి ఏమీ అడగకుండా చేతిలో ప్లాస్టిక్ సంచి, ఉప్పు చల్లిన నిమ్మ చెక్క పెట్టి వెళ్లిపోయాడు. పాప పదకొండు ఎగిరే చేపలను లెక్కపెట్టింది, పన్నెండోది నిజంగా చూసిందా లేదా అన్న వివాదం ఇంకా తెగలేదు.

హట్‌బే జెట్టీ మీద మిత్రుడు నిలబడి ఉన్నాడు. సామాను దించకముందే మా అమ్మ కొంగు ముడి విప్పి, దసరా నాడు దాచిన జమ్మి ఆకు, అప్పటికి ఎండి పొడి అవుతున్నది, అతని చేతిలో పెట్టింది. అతను ఆ జనంలోనే వంగి ఆమె కాళ్లు మొక్కాడు. వెనక కోళ్ల గంపలు మోసేవాళ్లు జరగమని అరుస్తూనే ఉన్నారు.

తొక్కు డబ్బా విషయంలో పరకాల వారి మాట పూర్తిగా వినలేదు, ఒక సంచి చాలనుకున్నాను. నా తెల్ల చొక్కాలు రెండు ఇప్పుడు తెల్లగా లేవు. తిరుగు ఓడను ఒక రోజు వెనక్కి జరిపారని ముందు రాత్రి తెలిసింది. నేను లేచి కూర్చుని లెక్కలు వేసుకుంటుంటే మిత్రుడు "ఒక పూట ఎక్కువ ఉంటే నీ సొమ్మేం పోయింది" అని దీపం ఆర్పేశాడు. అది పోగా పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజులు మిగిలాయి. జైలు చూశాము, రాస్ ద్వీపం కూడా చూశాము.

వేసవిలో వెళ్లాలనుకుంటూ నాకు విడిగా ప్రశ్నలు పంపినవారికి: మా టికెట్లు రెండు వైపులా మిత్రుడే తీశాడు, తిరుగు టికెట్ల కోసం మేము చేరిన మూడో రోజు పొద్దున ఏడింటికే వెళ్లి వరుసలో నిలబడ్డాడు. అక్కడ తెలిసినవారు లేకపోతే ఆ పని మీరే చేయాలి. అసలు గుర్తింపు కార్డులు అందరివీ వెంట తీసుకెళ్లండి, పాపది కూడా అడిగారు.